పిల్లికొమ్ము మేలుకొలుపు

"ఈ గిన్నెను చివరిసారిగా ఎప్పుడు వాడారు?" అని అడిగారు పరాంకుశం గారు.

వకుళ అబద్ధమాడే మనిషి కాదు. ప్రభుత్వోద్యోగంలో ఆమెకున్న పెద్ద లోపం అదొక్కటే. కాసేపు ఆలోచించి, "క్రీస్తు పుట్టడానికి కొంచెం ముందు అయ్యుండాలండీ. ఓ ముప్ఫై నలభై ఏళ్లు అటూ ఇటూ" అంది.

పరాంకుశం గారు తలెత్తలేదు. "అంటే మూడేళ్లు దాటింది" అనుకుంటూ కాగితం మీద టిక్కు పెట్టుకున్నారు.

ఆయన రాజధాని నుంచి వచ్చిన జాగృతి అధికారి. అలాంటి పదవి ఒకటి ఉందని పోయిన నెల దాకా ఎవరికీ తెలియదు, ఆయనతో సహా. ప్రభుత్వంలో ఒక పెద్దాయన ఎక్కడో గోదాము తలుపు తీయించి, పంచకుండానే తుప్పు పట్టిపోయిన కుట్టుమిషన్ల గుట్టను చూసి కంటతడి పెట్టుకున్నారట. ఆ తడి ఆరకముందే 'నిద్రాణ ఆస్తుల జాగృతి పథకం' పుట్టింది. సర్కారు సొత్తులో ఏ వస్తువైనా సరే, దాన్ని ఏ పని కోసం తయారు చేశారో ఆ పని మూడేళ్లుగా చెయ్యకుండా ఉంటే అది నిద్రపోతున్నట్టు. నిద్రపోయేదాన్ని మేలుకొలపాలి. ఎంత లేపినా లేవనిదాన్ని తూకానికి అమ్మెయ్యాలి. ఉత్తర్వు చివర మినహాయింపులు కూడా ఇచ్చారు. వాటిలో ఆనకట్టలున్నాయి, శాసనసభ భవనం ఉంది. ప్రదర్శనశాలలు మాత్రం లేవు.

వకుళ క్యురేటరుగా ఉన్నది ఒక రేవు పట్నంలోని చిన్న ప్రదర్శనశాల. పాతకాలపు కస్టమ్స్ కచేరీ అది. కింద రాళ్లు, శాసనాలు. మేడ మీద ఒక్క గదిలో మటుకు వెండి. పూర్వం ఆ ప్రాంతపు జమీందారు ఒకాయన సీమకు ప్రయాణం కట్టి, దారిలో ఏదో రేవులో ఓడ ఆగితే అంగట్లో కనిపించిన గిన్నెలు పెరుగు తోడేసుకోవడానికి బాగుంటాయని కొనుక్కొచ్చాడు. తరవాత ఎవరో దొర చూసి, ఇవి గ్రీకుల నాటివని, పార్థియన్ల నాటివని, ఇరాన్ దేశంలో రాజులు విందుల్లో వాడినవని చెప్పేసరికి పెరుగు సంగతి మరిచిపోయి అద్దాల బీరువాలో పెట్టించాడు. జమీ పోయాక ఆ బీరువా ఇక్కడికి చేరింది.

అందులో ద్రాక్షతీగలు చెక్కిన ఒక లోతు గిన్నె ఉంది. జింక మీదికి దూకుతున్న సింహం ఉన్న గిన్నె ఇంకొకటి ఉంది. రెండు చెవుల పాత్ర ఒకటి, దాని నడుమ పిల్లనగ్రోవి ఊదుతున్న ఆడమనిషి. కాడ చివర బాతు తల ఉన్న గరిటె. వీటన్నిటికీ నడుమ కొమ్ము ఉంది. ఎద్దు కొమ్ములా వంపు తిరిగి, కిందికి వచ్చేసరికి ముందుకాళ్లు చాచి ఉరుకుతున్న అడవిపిల్లిగా మారిపోతుంది. చెవుల కొసలకి కుచ్చులు, మెడ మీద బంగారు పూత, పళ్లు బయటపెట్టి కోపం. పుస్తకాల్లో దాన్ని రైటన్ అంటారు. ప్రదర్శనశాల పట్టీలో 'వెండి పాత్ర, ఇతరములు' అని ఉంది. అటెండరు సువార్తమ్మ పిల్లికొమ్ము అంటుంది. ఆ పేరే ఖాయమైపోయింది.

వకుళ ఈ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆ కొమ్మును నూలు తొడుగులు లేకుండా ముట్టుకోలేదు. ఇంట్లో వెండి కంచాన్ని చింతపండుతో తోమినట్టు దీన్ని తోమితే, పిల్లి మెడ మీది బంగారం చింతపండుతో పాటే దొడ్లోకి పోతుందని ఆమెకు తెలుసు. రెండు వేల ఏళ్ల కిందట ఎవరో సన్నని ఉలితో ఒక్కొక్క వెంట్రుకా గీసి నిలబెట్టిన జంతువు అది. దాని వైపు చూసినప్పుడల్లా, దీన్ని వచ్చినట్టే ఇంకొకరి చేతికి అప్పగించి వెళ్తే చాలు అనుకునేది.

"ఇక్కడ ఇవి చేసే పని ఒకటుందండీ" అందామె. "జనం వచ్చి చూస్తారు."

"చూడ్డం జనం చేసే పనమ్మా. గిన్నె చేసే పని కాదు. దీన్ని చేసినవాడు ఎందుకు చేశాడు? చూడ్డానికా, తాగడానికా?"

వకుళ మళ్లీ ఆలోచించింది. ఆలోచించినా నిజం మారలేదు. "తాగడానికేనండీ."

"అదీ" అన్నారు పరాంకుశం గారు సంతోషంగా. "సదరు వస్తువులు నిద్రాణములని నిర్ధారించడమైనది. వీటిని తగు రీతిలో మేలుకొలపవలసి యున్నది. రేపే క్యాంటీనుకు పంపండి."

ఆఫీసు సూపరింటెండెంటు చయనులు గారికి ఈ మాట వినగానే మొహం మాడిపోయింది. ఆయన ఇంటి నుంచి ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చుకుని, చెంబు పెదవికి తగలకుండా ఎత్తి గొంతులో పోసుకునే మనిషి. "యవనులు తాగి పారేసిన ఎంగిలి గిన్నెల్లో మేం తినాలా అండీ?" అన్నారు.

"వెండికి ఎంగిలి లేదండీ" అన్నారు పరాంకుశం గారు.

"వెండికి లేదు, నిజమే. వాళ్లు తిన్న మాంసానికీ తాగిన మద్యానికీ ఉంది కదా?"

పరాంకుశం గారు ఇటువంటి అడ్డంకులకు జంకే రకం కాదు. సంచీలోంచి చుక్కల కాగితాలు తీశారు. బిస్కట్ పొట్లాల మీద ఉండేలాంటివే: శాకాహారానికి పచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క. "ఏ పాత్ర ఏ కోవలోకి వస్తుందో క్యురేటరు ధ్రువీకరించాలి" అన్నారు.

"రెండు వేల ఏళ్ల కిందట ఏ గిన్నెలో ఏం వడ్డించారో ఎలా చెప్పనండీ?"

"గిన్నె మీదే చెక్కి ఉంది కదమ్మా. ద్రాక్షతీగ. పచ్చ చుక్క. సింహం జింకను తింటోంది. గోధుమరంగు చుక్క. బాతు గరిటె, గోధుమరంగే." రెండు చెవుల పాత్ర దగ్గర ఆయన ఆగారు. "ఈవిడ ఏం తింటుంది?"

"తెలీదండీ."

"చూస్తే సంప్రదాయస్తురాల్లాగే ఉంది" అన్నారు చయనులు గారు, అప్రయత్నంగా.

"ఒంటి మీద బట్టలేవండీ?" అంది సువార్తమ్మ.

చివరికి ఆవిడకు రెండు చుక్కలూ పడ్డాయి. చుక్కలు వెండి మీద కాకుండా కింద పెట్టిన పింగాణీ పళ్లేల మీద అంటించేలా ఒప్పించడానికి వకుళకు పొద్దు గుంకింది. జిగురు వెండిని పాడుచేస్తుందని చెబితే ఆయన వినలేదు. పళ్లేల మీద అయితే చుక్కలు పెద్దవిగా కనిపిస్తాయని చెబితే విన్నారు.

మర్నాడు ద్రాక్షతీగల గిన్నెలో ఉప్మా. క్యాంటీనులో బెంచీలు తుడిచారు, ఫోటో తీసేవాణ్ని పిలిపించారు. వకుళ పొద్దున్నే వంటవాడి పక్కన నిలబడి అన్నీ తానే చూసుకుంది. ఉప్పు వెండిని తినేస్తుంది కాబట్టి ఉప్పు వద్దంది. నిమ్మకాయ బంగారు పూతకు శత్రువు కాబట్టి పులుపు వద్దంది. ఉల్లిపాయ తగిలితే వెండి నల్లబడుతుంది కాబట్టి ఉల్లీ వద్దంది. గిన్నెకు గరిటె గీతలు పడకుండా చెక్క గరిటె ఇచ్చింది. గిన్నెలోకి వచ్చేసరికి ఉప్మా గోరువెచ్చని బొంబాయి రవ్వగా మిగిలింది.

"ఇది మేలుకొలుపు కాదమ్మగారూ, ఆసుపత్రి పథ్యం" అంది సువార్తమ్మ.

పరాంకుశం గారు కెమెరా వైపు చూస్తూ మూడు చెంచాలు మింగారు. నాలుగోది మింగలేక, "రాజులు సాత్వికాహారం తీసుకునేవారని దీన్ని బట్టి తెలుస్తోంది" అన్నారు. గిన్నె మేలుకొన్నట్టు సంతకం పెట్టారు. వకుళ దాన్ని గోరువెచ్చని నీళ్లలో కడిగి, మెత్తని బట్టతో అద్ది, మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇలా ఒక్కొక్కటే ఉప్పు లేని ఉప్మాతో ఈ గండం గట్టెక్కవచ్చని ఆమెకు ఆశ పుట్టింది.

తక్కిన చోట్ల అంత సౌఖ్యంగా లేదని కబుర్లు వస్తూనే ఉన్నాయి. ఒక జిల్లాలో పాత ఫిరంగిని మేలుకొలిపితే అది ఎదురుగా ఉన్న బస్టాండు పైకప్పును మేలుకొలిపిందట. ఇంకొక ఊళ్లో నవాబు గారి పల్లకీ ఎక్కి తనిఖీకి బయల్దేరిన అధికారి, మోసేవాళ్లు ఒప్పంద కార్మికులు కావడంతో, భోజన విరామానికి నడిరోడ్డు మీద దిగిపోవలసి వచ్చిందట. మరొకచోట ఒక ఉరికంబం ఉంది. దాని ఫైలు హోంశాఖలో పెండింగులో ఉంది.

ఇక పిల్లికొమ్ము వంతు వచ్చింది.

పరాంకుశం గారు తానే స్వయంగా చెంబెడు నీళ్లు అందులో పోశారు. నీళ్లు పిల్లి రొమ్ములోంచి, ముందుకాళ్ల సందున ఉన్న సన్నని చిల్లులోంచి ధార కట్టి ఆయన ఒళ్లో పడ్డాయి. ఒళ్లో ఫైలు ఉంది. ఫైల్లో మొన్నటి ఉప్మా ఫోటోలు ఉన్నాయి.

"కారుచున్నది" అని రాశారు ఆయన, తడి కాగితం మీదే. "లోపభూయిష్టము. మాటు వేయించవలెను. మాటు నిలవనిచో కరిగించి తూకమునకు విక్రయించవలెను."

వకుళ ఆ రాత చదివి ముందుకొచ్చింది. "అది లోపం కాదండీ. చిల్లు కావాలనే పెట్టారు. పైనుంచి పోస్తారు, కిందనుంచి వస్తుంది."

"పైనుంచి పోస్తే కిందనుంచి కారిపోయే గ్లాసు ఎవడు చేస్తాడమ్మా?"

"అదే ఆ పాత్ర గొప్పతనం. దయచేసి మాటు మాత్రం వేయించకండి. సీసం కరిగించి పోస్తే పిల్లి మొహమే మారిపోతుంది."

ఆమె కళ్లలో నీళ్లు చూసి చయనులు గారికి జాలేసింది. ఆయన మంచి మనిషి. మంచి మనుషులు సాయం చెయ్యబోయినప్పుడే ఇలాంటివి జరుగుతాయి. "అడుగున చిల్లున్న పాత్రలు మనకీ ఉన్నాయి కదండీ" అన్నారు. "శివాలయంలో ధారాపాత్ర లేదూ? లింగం మీద గొలుసులతో వేలాడుతూ, చిల్లులోంచి బొట్టుబొట్టుగా అభిషేకం చేస్తుందే. దానికి మాటు వేస్తామా?"

పరాంకుశం గారి చేతిలో కలం ఆగింది. పదిహేను రోజులుగా ఆయన కలం ఆగడం ఇదే మొదటిసారి. కొమ్మును చూశారు, చిల్లును చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇది ధారాపాత్ర!"

"కాదండీ" అంది వకుళ.

"ఈ రాజ్యం పేరేమన్నారు?"

"పార్థియా."

"పార్థుడి రాజ్యం! పార్థుడు ఎవర్ని గురించి తపస్సు చేశాడు? శివుణ్ని గురించి! ఇంకా ఏం కావాలమ్మా మీకు?"

"మరి ఈ పిల్లి?"

"పిల్లి కాదు. అరిగిపోయిన నంది."

"కోరలున్నాయండీ."

"బాగా అరిగిపోయిన నంది" అన్నారు పరాంకుశం గారు.

ఆ సాయంత్రానికి కబురు ఊరంతా పాకిపోయింది. విలేకరులు వచ్చారు. పట్నంలోని పండితుడొకాయన పార్థియన్లు కోనసీమ వైపు నుంచి వలస వెళ్లినవాళ్లేనని, పనసకాయ కూర వండడం ఇరాన్‌కు నేర్పింది వాళ్లేనని తీర్మానించాడు. ధారాపాత్రకు తగిన చోటు గుడే కాబట్టి, పిల్లికొమ్మును దేవాదాయ శాఖకు శాశ్వతంగా అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది. వచ్చే కార్తిక సోమవారం అప్పగింత. గొలుసులు తగిలించడానికి కొమ్ము అంచుకు మూడు కంతలు పెట్టాలి. ఆ పైన ప్రతి ఉదయం చింతపండుతో తోముతారు.

మాటుకన్నా ఇది ఘోరం. వకుళ పై అధికారికి ఫోన్ చేసింది. ఆయన, "అమ్మా, మొన్నటి దాకా తూకానికి అమ్ముతామన్నారు. ఇప్పుడు దేవుడి దగ్గరికి పంపుతామంటున్నారు. ఇందులో నేను ఏ పక్షాన నిలబడినా నా ఉద్యోగం నిలబడదు" అని పెట్టేశారు.

సోమవారం నాడు ప్రదర్శనశాల హాల్లో మామిడాకులు కట్టారు. గుడి తరఫున కార్యనిర్వహణాధికారి భీమశంకరం గారు పట్టు కండువాతో, అర్చకులతో, ఇత్తడి పళ్లెంతో వచ్చారు. వెనకాల డ్రిల్లు మిషన్ పట్టుకుని ఒక మెకానిక్కు. అతను వైరు ఎక్కడ పెట్టాలా అని గోడల వెంట ప్లగ్గు కోసం వెతుకుతుంటే వకుళకు తన పుర్రెలోనే కంత పెడుతున్నట్టుంది.

ఆమె లేచి నిలబడింది. "సార్, ఒక్క మాట. అప్పగింత ఉత్తర్వులో ఒక షరతుంది. శాఖ మారేముందు వస్తువును దాని అసలు పనిలో పరీక్షించి చూడాలి. మీరు రాసిన షరతే."

తన షరతు ఇంకొకరి నోట వినడం పరాంకుశం గారికి ప్రాణానికి హాయిగా ఉంది. "భేష్. కంతలకు ముందు పరీక్ష. నేనే పట్టుకుంటాను."

ఆయన చేతులకు నూలు తొడుగులు తొడిగింది వకుళ. బొటనవేలు చిల్లు మీద అదిమి పట్టుకోమని చెప్పి, కొమ్ము నిండా నీళ్లు పోసింది. భీమశంకరం గారు లింగం ఉండవలసిన చోట పళ్లెం పట్టుకుని వంగారు. అర్చకులు మంత్రం ఎత్తుకున్నారు.

"వేలు తియ్యండి సార్" అంది వకుళ.

ధారాపాత్ర అంటే బొట్టు బొట్టుగా తిన్నగా కిందికి రాలాలి. ఇది అలా రాలలేదు. పిల్లి కాళ్ల సందులోంచి నీరు సన్నగా, చురుగ్గా, గాలిలో ఇంద్రధనుస్సులా వంపు తిరిగి, పళ్లాన్ని దాటి, భీమశంకరం గారి పట్టు కండువా మీద పడింది. మంత్రం మధ్యలో తెగింది. ఆ భంగిమ, ఆ వంపు, ఆ ధార చూసి అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఒకటే అనిపించింది. పెద్దమనుషులు గనక ఎవరూ అనలేదు.

"అయ్యో, పిల్లి పోసేసిందండీ!" అంది సువార్తమ్మ.

భీమశంకరం గారు కండువా తీసి దూరంగా పట్టుకున్నారు. "పరాంకుశం గారూ, ఇది నంది అన్నారు నాతో."

"అరిగిపోయిన..."

"పిల్లి ఎదురొస్తేనే గడప దాటం. అలాంటిది రోజూ పొద్దున్నే పిల్లి చేత స్వామి మీద... నా నోటితో చెప్పించకండి. దేవాదాయ శాఖకు ఇది అక్కర్లేదు." డ్రిల్లు మిషన్ మనిషిని కేకేసి, అర్చకుల్ని వెంటబెట్టుకుని ఆయన మెట్లు దిగిపోయారు.

పరాంకుశం గారు మళ్లీ బొటనవేలు అదిమి పెట్టి అలాగే నిలబడ్డారు. కొమ్ములో ఇంకా ముప్పాతిక వంతు నీళ్లున్నాయి.

"దీన్ని ఎక్కడ పెట్టనమ్మా?"

"పెట్టడానికి కుదరదండీ. దానికి అడుగు లేదు కదా."

"పడుకోబెడితే?"

"పైనుంచి ఒలుకుతుంది."

"నిలబెడితే?"

"కిందనుంచి పోతుంది."

"మరి రాజులు ఏం చేసేవాళ్లు?"

"తాగేసేవాళ్లండీ. పూర్తయ్యేదాకా కింద పెట్టకూడదనే అలా చేశారు."

పరాంకుశం గారు దీనంగా చూశారు. బకెట్లో ఒంపేస్తే అసలు పనిలో పరీక్షించినట్టు కాదు. కార్తిక సోమవారం. నక్షత్రాలు కనిపించేదాకా ఆయనకు పచ్చి మంచినీళ్లు కూడా నిషిద్ధం. నక్షత్రాలు రావడానికి ఇంకా చాలా పొద్దుంది. చెయ్యి లాగుతోంది. ముక్కు మీద చెమట పడుతోంది, తుడుచుకోవడానికి వీల్లేదు. "చయనులు గారూ, మీకు డాక్టరు ఉపవాసం మానిపించారు కదా, నీళ్లు అడ్డం లేదు. కొంచెం అందుకుని పుణ్యం కట్టుకోండి."

"నేనా?" చయనులు గారు రెండడుగులు వెనక్కి వేశారు. "ఎవరెవరి మూతులు తగిలాయో దానికి!"

"మూతి తగలక్కర్లేదండీ" అంది వకుళ. ఆ మాట అంటుండగానే ఆమెకే కొత్తగా తట్టినట్టయింది. "మీరు చెంబు ఎత్తి పోసుకుంటారే, అలాగే. పైకెత్తి వేలు తియ్యండి."

చయనులు గారు అనుమానంగా తొడుగులు వేసుకుని, కొమ్మును అందుకుని, వేలు చిల్లు మీదికి మార్చుకుని తలపైకి ఎత్తారు. తల వెనక్కి వాల్చి నోరు తెరిచి వేలు తీశారు. ధార వంపు తిరిగి నేరుగా గొంతులో పడింది. గుటక గుటకకూ గొంతుముడి ఆడుతోంది తప్ప చొక్కా మీద ఒక్క చుక్క లేదు. పుస్తకాల్లో బొమ్మలు చూసి వకుళ ఎన్నోసార్లు ఊహించుకున్నది సరిగ్గా ఇదే. కాకపోతే ఆ బొమ్మల్లో తాగేవాళ్లకి గిరజాల గడ్డాలుండేవి, పిలక ఉండేది కాదు.

నీళ్లు పూర్తిగా అయ్యాక చయనులు గారు కొమ్మును దించి, దాని వైపు మొదటిసారి గౌరవంగా చూశారు. "చెంబుకన్నా సుఖంగా ఉందే! పొలమారనే లేదు. ఎవరమ్మా వీళ్లు? ఇంత ఆచారం ఉన్నవాళ్లు?"

"ఎంగిలి లేని పాత్ర!" అన్నారు పరాంకుశం గారు.

ఆ గొంతులో పాత ఉత్సాహం మళ్లీ వినిపించేసరికి వకుళ కొమ్ముకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆఫీసుల్లో నీళ్ల డ్రమ్ము దగ్గర ఒక్క గ్లాసు గొలుసుతో కట్టేసి ఉంటుంది. వందమంది మూతులూ దానికే. ఇదిగో పరిష్కారం! మేడమ్, దీన్ని రేపట్నుంచి మీ వరండాలో నీళ్ల డ్రమ్ముకు కట్టండి. గొలుసు పట్టడానికి అంచుకు ఒక్క కంత పెడితే..."

వైరు చుట్టుకుంటూ వెనకబడిన డ్రిల్లు మనిషి మెట్ల మీద ఆగి వెనక్కి చూశాడు.

ఇన్నాళ్లూ వకుళ నిజాలు చెప్పి ఓడిపోయింది. ఇప్పుడు కూడా నిజమే చెప్పదలుచుకుంది కానీ, ఈసారి ఏ నిజం ముందు చెప్పాలో ఎంచుకుంది.

"మా ఒక్క వరండాకేనా సార్?" అంది. "రాష్ట్రంలో ఇన్ని ఆఫీసులుండగా?"

పరాంకుశం గారు ఆగిపోయారు. "అవును సుమా."

"స్టీలుతో చేయించవచ్చు."

"స్టీలుతో! అన్ని శాఖలకూ! టెండరు పిలవాలి."

"టెండరుకు నమూనా ఉండాలి కదండీ."

"ఇదే నమూనా."

"మరి ఆమోదించిన నమూనాని సీలు వెయ్యాలి కదా. సీలు వేసినదాన్ని ఎవరైనా వాడినా, తోమినా, కంత పెట్టినా..."

"ఆడిట్ ఊరుకోదు!" అన్నారు పరాంకుశం గారు, భయభక్తులతో. "సరఫరా పూర్తయి, ఆఖరి బిల్లు చెల్లి, ఆక్షేపణలన్నీ తీరేదాకా నమూనా మీద ఈగ వాలకూడదు. తక్షణమే సీలు వేయించండి. దాని జతవన్నీ కూడా. పోలిక చూసుకోవడానికి పనికొస్తాయి."

లక్క కరిగించి తెచ్చారు. వెండి మీద వెయ్యబోతుంటే వకుళ చెయ్యి అడ్డం పెట్టి, బీరువా తాళం మీద అయితే ముద్ర ఇంకా స్పష్టంగా పడుతుందంది. పరాంకుశం గారికి స్పష్టత అంటే ఇష్టం. తాళం మీదే వేశారు.

అంతటితో తీరిపోతే అది ప్రభుత్వమే కాదు. ఆఖరి బిల్లు ఎప్పటికైనా చెల్లుతుంది, ఆనాడు సీలు తీస్తారు, మళ్లీ నిద్రాణం అంటారు. వకుళ ఆ రోజును తలుచుకుని దిగులుగానే ఉండేది. ఫాక్టరీలో పని జోరుగా సాగుతోందని, గడువుకు ముందే సరఫరా చేస్తున్నారని విన్నప్పుడల్లా అన్నం సయించేది కాదు.

స్టీలు కొమ్ములు లారీల్లో దిగాయి. తళతళలాడుతున్నాయి. పిల్లి కాస్తా కుందేలులా తయారైంది, అది ఎవరూ పట్టించుకోలేదు. పరాంకుశం గారు ఆఫీసంతా చూస్తుండగా ఒక దానిలో నీళ్లు పోయించుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, వేలు తీశారు. ఏమీ పడలేదు. కొమ్మును కుదిపారు. మరీ వాల్చారు. అప్పుడు పైనుంచి ఒక్కసారిగా కుంభవృష్టి కురిసింది.

చిల్లు లేదు. ఏ ఒక్క దానికీ లేదు.

గుత్తేదారును పిలిపించారు. అతను నొచ్చుకున్నాడు. "నమూనాకి చిల్లు ఉండడం బీరువా అద్దంలోంచి చూశాం సార్. సర్కారువారు మొహమాటానికి చెప్పలేదేమో అనుకున్నాం. మా కంపెనీ పేరు నిలబెట్టుకోవాలి కదండీ. పైసా ఎక్కువ అడక్కుండా లోపం సరిచేసి ఇచ్చాం."

సర్కారు సరుకు తిరగ్గొట్టింది. గుత్తేదారు కోర్టుకెక్కాడు. చిల్లు పనితనమా, లోపమా అన్నది వ్యాజ్యం. నమూనా ముఖ్య సాక్ష్యం కనుక, తీర్పు వచ్చేదాకా దాన్ని ఉన్నచోటి నుంచి కదల్చరాదని, ముట్టుకోరాదని, దాని జత వస్తువులకు కూడా ఇదే వర్తిస్తుందని కోర్టు ఆదేశించింది. పరాంకుశం గారు ఈలోగా పదోన్నతి మీద నదుల శాఖకు వెళ్లిపోయారు. అక్కడ చాలా నదులు వేసవిలో పని చెయ్యడం లేదని ఆయన దృష్టికి వచ్చిందట.

అడవిపిల్లి పళ్లు బయటపెట్టి, బంగారు మెడ వంచి, తన అద్దాల వెనక ఎప్పటిలా ఉరుకుతోంది. జనం మునుపటికన్నా ఎక్కువగా వచ్చి చూస్తున్నారు. వకుళ ప్రభుత్వం తరఫు సాక్షిగా కోర్టుకు వెళ్లింది. ఆ చిల్లు ఎందుకో ఆమె ఒక్క వాక్యంలో చెప్పగలదు. కానీ అవతలి వకీలు అసలు చిల్లు అంటే ఏమిటో నిర్వచించమన్నాడు. దాని మీద వాదనలకే వాయిదా పడింది. ఆ తరవాత జడ్జీగారికి బదిలీ అయింది. కొత్తాయన మొదటి నుంచీ వింటానన్నారు.

వకుళ కోర్టు మెట్లు దిగుతుంటే, గొడుగు పట్టుకుని తోడొచ్చిన సువార్తమ్మ అడిగింది: "మళ్లీ వాయిదానా అమ్మగారూ? ఎప్పటికి తేలుద్దంటారు?"

"మన వకీలు గారి అంచనాలో ఆయన మనవడు వాదించాల్సి వస్తుందట."

"అయ్యో పాపం!"

"పాపం ఏమిటి?" అంది వకుళ. ఆ మెట్ల మీదే నిలబడి, చాలా కాలానికి మొదటిసారి మనసారా నవ్వింది. "పద సువార్తమ్మా, ఆకలేస్తోంది. ఎక్కడైనా ఉప్పూ కారం దట్టంగా వేసినది తిందాం."